తెలుగు అక్షర శిల్పులు – 9: సీసం కరిగిపోయాక

గత భాగంతో సీసపు అక్షరాల కాలం ముగిసింది. 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అచ్చు వేయించిన చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలతో బయలుదేరాం. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణశాల మీదుగా వచ్చి, 1922లో ఇనుగుర్తి లాంటి పల్లెలో కూర్చుని ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపిన సాహసం దగ్గర ఆగాం. కేసుల ముందు రోజంతా నిలబడి, వేళ్ల కొసలతోనే అక్షరాన్ని గుర్తుపట్టిన కంపోజిటర్ల గురించి కూడా చెప్పుకున్నాం. వాళ్లలో కొందరు 1990లు వచ్చేసరికి కంప్యూటరు ముందు కూర్చున్నారు. కూర్చోలేకపోయినవాళ్లు వేరే పని చూసుకున్నారు. వాళ్ల ముందున్న సీసం తూకానికి పోయింది.

సీసం పోయాక తెలుగు అక్షరాన్ని ఎవరు గీశారు? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే.

ఆ రోజుల్లో మా పెగడపల్లిలో పెండ్లి కుదిరితే కార్డుల కోసం జగిత్యాలకో కరీంనగర్‌కో పోయేవాళ్లు. బస్టాండు దగ్గరి సందులో ఒక గది, అందులో ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, గోడకు నమూనా కార్డులు. అదే డీటీపీ సెంటరు. ఆపరేటరు చూపు మానిటరు మీద, వేళ్లు కీబోర్డు మీద ఉండేవి. వచ్చినాయన "జర మందం అక్షరం పెట్టు బిడ్డా, మా బాపుకు కనిపించాలె" అంటే ఫాంటు మార్చి చూపించేవాడు. ప్రూఫ్ దిద్దాక బటర్ పేపర్ మీద ట్రేసింగ్ తీసి ప్రెస్సుకు పంపేవాడు. కోరుట్లలో బడి వార్షికోత్సవ కరపత్రం, సిరిసిల్లలో పవర్‌లూం కార్మికుల సభ పోస్టరు, ధర్మపురి జాతర పాంప్లెట్, అన్నీ ఇలాంటి గదుల్లోంచే బయటికి వచ్చాయి. ఇరవై ఏళ్లపాటు మన కండ్లకు అలవాటైన తెలుగు అక్షరం రూపం చాలావరకు ఈ గదుల్లో, ఓ పదీ పదిహేను ఫాంట్లతో స్థిరపడింది.

ఆ ఫాంట్లు ఎలా పనిచేసేవో తెలిస్తేనే తరువాత వచ్చిన తగాదా అర్థమవుతుంది. అప్పటి కంప్యూటరు ఫాంటులో గదులు 256. ఇంగ్లీషుకు ఇవి ధారాళంగా సరిపోతాయి. తెలుగుకు ఎక్కడ సరిపోతాయి? ఒక్క హల్లుకే గుణింతమంతా కావాలి, ఆపైన ఒత్తులు, ఒత్తు మీద ఒత్తులు. సీసపు కేసుల్లో వందల ముక్కలు ఉండేవి. అన్నింటినీ 256లో ఇరికించాలంటే అక్షరాన్ని ముక్కలు చేయక తప్పదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఏత్వం ఒకటి, కొమ్ము ఒకటి. ఏ ముక్కను ఏ గదిలో పెట్టాలో చెప్పే చట్టం ఏదీ ఆ ఫాంట్లకు లేదు కాబట్టి ప్రతి సంస్థా తన సొంత లెక్క వేసుకుంది.

పుణెలోని సీడాక్ సంస్థ జిస్ట్ సాంకేతికతతో వచ్చింది. ఐఐటీ కాన్పూరులో పుట్టిన ఆ పని భారతీయ లిపులన్నిటికీ ఒకే కోడ్ ఉండాలన్న ఆలోచనకు ఊపిరిపోసింది. 1991లో ఇస్కీ పేరుతో భారతీయ ప్రమాణం కూడా వెలువడింది. అయితే ఇస్కీ చెప్పేది అక్షరాన్ని ఎలా దాచాలో మాత్రమే. ఫాంటులో ఏ ముక్క ఏ గదిలో ఉండాలో దాని పరిధిలోకి రాలేదు. అదే పుణె నుంచి మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి వచ్చింది. తెలుగు డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ మేనేజర్ పాతుకుపోయింది. ఒకదానిలో టైపు చేసిన వ్యాసాన్ని ఇంకొకదానిలో తెరిస్తే తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త కనిపించేది. అనులో రాసిన నవలను శ్రీలిపి ఉన్న ప్రెస్సుకు ఇవ్వాలంటే మొదటి నుంచి మళ్లీ కొట్టాలి, లేదంటే ఆ ఫాంట్లున్న ప్రెస్సునే వెతుక్కోవాలి. రచయిత తన సొంత రచనను తన కంప్యూటరులోనే చదువుకోలేని రోజులవి. ఆపరేటరు నేర్చుకున్న కీబోర్డే అతని జీవనాధారం కనుక, ఒకసారి యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటుపడ్డ వేళ్లు ఇంకో దానికి మారడానికి ఇష్టపడేవి కావు.

వ్యాపారంగా చూస్తే ఆ సంస్థలను తప్పుపట్టలేం. ఫాంట్లు అమ్ముకుని బతకాలి, పక్కవాడికి తన లెక్క ఎందుకు చెప్తారు? కానీ ఆ పద్ధతి వల్ల రెండు నష్టాలు జరిగాయి. ఒకటి, కోట్ల పేజీల తెలుగు ఎవరూ వెతకలేని తాళాల వెనక ఉండిపోయింది. రెండోది నాకు ఇంకా బాధ కలిగించేది. ఆ అక్షరాలను గీసినవాళ్ల పేర్లు మనకు దక్కలేదు. మెనూ తెరిస్తే దేవుళ్ల పేర్లు, ఆడపిల్లల పేర్లు కనిపించేవి. 'క'కు ఆ తలకట్టు పెట్టిన చేయి ఎవరిదో ఎక్కడా ఉండదు. మన పెండ్లి కార్డుల మీద, మన పిల్లల మార్కుల మెమోల మీద ఉన్న అక్షరాలను మలిచినవాళ్లు అనామకులుగానే మిగిలిపోయారు.

ఈ తాళాలు తీయడానికి మార్గం దూరదేశంలో తయారవుతోంది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులో తెలుగు ఉంది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య అన్నది దాని సూత్రం. కానీ సంఖ్య ఇచ్చినంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. 'స్త్రీ' అనే పదాన్నే తీసుకోండి. యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంటికి కనిపించాల్సింది వేరు. చివర ఉన్న గుడిదీర్ఘం 'ర'ను దాటి వెనక్కి వచ్చి 'స' నెత్తిన కూర్చోవాలి. 'త' ఒత్తుగా మారి కిందికి దిగాలి. 'ర' క్రావడిగా మారి తన చోటు తాను చూసుకోవాలి. ఇవన్నీ చేసే తెలివి కొంత ఆపరేటింగ్ సిస్టంలో ఉండాలి, కొంత ఫాంటులోనే ఉండాలి. ఓపెన్‌టైప్ అనే పద్ధతి ఆ తెలివిని ఫాంటులో పెట్టడానికి వీలు కల్పించింది. అక్షరశిల్పి పని ఒక్కసారిగా రెండింతలైంది. ఆకారం గీయాలి, ఆ ఆకారం ఎప్పుడు ఎలా మారాలో నియమాలూ రాయాలి.

మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లో భారతీయ లిపులు పెట్టాలనుకున్నప్పుడు ఆ పనికి నాయకత్వం వహించింది ఒక మరాఠీ మనిషి. రఘునాథ్ కృష్ణ జోషి, అందరూ ఆర్.కె. జోషి అనేవారు. 1936లో పుట్టారు. కవి, నగీషీ రాతలో నిపుణుడు. ఉల్కా అనే ప్రకటనల సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసి, 1983 నుంచి 1996 దాకా ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగంలో పాఠాలు చెప్పారు. ఆ తరువాత ముంబైలోని ఎన్‌సీఎస్‌టీ పరిశోధన సంస్థలో చేరి, చిన్న బృందంతో భారతీయ లిపులకు ఫాంట్లు తయారుచేయించారు. దేవనాగరికి మంగళ్, తమిళానికి లత, కన్నడానికి తుంగ, తెలుగుకు గౌతమి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ప్రపంచంలోని లక్షల కంప్యూటర్లలోకి చేరింది. ధర్మపురిలో గోదావరి రేవులో స్నానం చేసే మా జిల్లావాళ్లకు ఆ పేరు కొత్తేమీ కాదు.

గౌతమి మీద ఫిర్యాదులు నేనూ చేశాను. సన్నగా ఉంటుంది, చిన్న సైజులో కండ్లు నొప్పి పుడతాయి, పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ అవసరానికి మించి ఉంటుంది. కానీ ఆ కాలపు తెరను దృష్టిలో పెట్టుకుంటే జోషి బృందానికి ఎదురైన చిక్కు కనిపిస్తుంది. పన్నెండు పాయింట్ల అక్షరానికి అప్పటి మామూలు మానిటరులో దొరికేది పదహారు చుక్కల ఎత్తు. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ: పైన గుడి, ఏత్వం, మధ్యన అసలు అక్షరం, కింద ఒత్తు, కొన్నిసార్లు రెండు ఒత్తులు. పదహారు చుక్కలను మూడింటికి పంచితే ఒక్కో అంతస్తుకు ఐదు. 'ప'కూ 'ఫ'కూ మధ్య తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత. 'చ'కూ 'ఛ'కూ అంతే. ఆ గీతకు ఒక్క చుక్క ఎక్కువైతే అక్షరం మసిబారుతుంది, ఒక్కటి తక్కువైతే 'ఫలం' 'పలం' అవుతుంది. సన్నటి గీత, విశాలమైన ఖాళీ ఆ లెక్కలోంచి వచ్చినవే. అందం కంటే ముందు అక్షరం అక్షరంగా కనిపించాలన్నది ఆయన ఎంచుకున్న దారి. 2008 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన కన్నుమూశారు. తెలుగువాళ్లం ఆయనను తలచుకున్నట్టు నాకు గుర్తులేదు. మనలో లక్షలమంది తొలి ఈమెయిలు తెలుగులో చదివింది ఆయన బృందం గీసిన అక్షరాలతోనే.

అదే సమయంలో కెనడాలో ఇంకొక మనిషి, ఏ కంపెనీ జీతమూ లేకుండా, తెలుగు ఫాంట్లు తయారుచేస్తున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు. సాహిత్యాభిమాని. పాత కావ్యాలను కంప్యూటరులో పెట్టాలంటే మంచి అక్షరం కావాలని ఆయన కోరిక. పోతన 2000, వేమన 2000 అనే రెండు ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చేశారు. పోతనలో పుస్తకాల అచ్చును గుర్తుకు తెచ్చే వంపులు ఉంటాయి, వేమన సాదా గీతతో సాగుతుంది. పేర్లకు తగ్గ రూపాలే. ఆయన వీటిని జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేయడంతో ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అందుకే లినక్స్ పంపిణీల్లో ఆ రెండూ చోటు సంపాదించాయి. అదే రోజుల్లో రెడ్‌హ్యాట్ సంస్థ లోహిత్ తెలుగును విడుదల చేసింది. తొలినాటి తెలుగు బ్లాగులు తెరిస్తే ఒక పక్కన 'ఈ అక్షరాలు సరిగా కనిపించకపోతే పోతన దించుకోండి' అన్న ధోరణిలో సూచన ఉండేది. బమ్మెరలో దున్నుకుని బతికిన కవి పోతన పేరు, అట్లాంటిక్ అవతల తయారై, మళ్లీ మన నెట్ సెంటర్లకు చేరింది.

నెట్ సెంటర్లంటే గుర్తొచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇల్లిల్లూ గల్ఫ్‌తో ముడిపడి ఉంటుంది. దుబాయిలో, మస్కట్‌లో శుక్రవారం సెలవునాడు నెట్ సెంటరుకు పోయి ఊరి వార్తలు చదువుకోవాలనుకునేవాళ్లకు రెండు అడ్డంకులు ఉండేవి. ఒకటి, తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు దించుకోమనేవి. అరబ్బు దేశపు నెట్ సెంటరులో ఫాంటు ఎక్కించడానికి ఎవరు ఒప్పుకుంటారు? రెండోది, యూనికోడ్ తెలుగు కనిపించాలన్నా విండోస్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఎంచుకుని ఎక్కించాలి, దానికి సీడీ కావాలి. మొదటి అడ్డంకిని దాటించింది పద్మ. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే దీన్నీ తయారుచేశారు. పత్రికల సొంత ఫాంట్ల లెక్కను విప్పి, పేజీని అక్కడికక్కడ యూనికోడ్‌లోకి మార్చే మొజిల్లా అనుబంధం అది. 2006లో వీవెన్ తెచ్చిన లేఖినితో ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం సులువైంది. వీళ్లిద్దరూ ఫాంట్లు గీయలేదు, అయినా ఈ ధారావాహికలో వాళ్ల పేర్లు లేకపోతే అన్యాయం. రాసేవాళ్లూ చదివేవాళ్లూ పెరిగితేనే కొత్త ఫాంట్ల అవసరం పుడుతుంది.

ఆ అవసరం పుట్టింది కూడా. వెబ్‌లో తెలుగు పెరుగుతుంటే అందరికీ తెలిసిన యూనికోడ్ ఫాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. శీర్షికకు, పోస్టరుకు, శుభలేఖకు వాడదగినవి అసలే తక్కువ. ప్రెస్సులు సొంత కోడ్ ఫాంట్లను వదలకపోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. మన డీటీపీ సెంటర్లన్నీ దాని మీదే నడిచాయి. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరిది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పు సరిగా అందుబాటులోకి వచ్చింది 2012లో. అంటే యూనికోడ్ పుట్టిన ఇరవై ఏళ్లకు గానీ తెలుగు పుస్తకాన్ని అందులో కూర్చే వీలు ప్రెస్సుకు దక్కలేదు.

సరిగ్గా అప్పుడే, 2012 ప్రాంతంలో, సిలికానాంధ్ర సంస్థ చొరవతో ఒక పెద్ద గుంపు ఫాంట్లు ఒకేసారి బయటికి వచ్చాయి. వాటి వెనక ప్రధానంగా ఇద్దరు శిల్పులు: పురుషోత్ కుమార్ గుత్తుల, అప్పాజీ అంబరీశ దర్భా. మండలి, శ్రీకృష్ణదేవరాయ వంటివి పురుషోత్ కుమార్ చేతివి. చేతిరాత లక్షణాలతో సన్నం నుంచి మందం దాకా ఐదు మెట్లలో దొరికే చతుర అప్పాజీ అంబరీశది. రాయల కొలువులోని అష్టదిగ్గజాలు ఎనిమిదిమందీ ఫాంట్లుగా కొలువుదీరారు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, సూరన, రామరాజ, తెనాలి రామకృష్ణ. గిడుగు, గురజాడ, ఎన్టీఆర్ ఉన్నారు. సురవరం పేరు చూసి మా వైపువాళ్లు ప్రత్యేకంగా సంతోషపడ్డారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టి నిజాం రాజ్యంలో తెలుగు అచ్చుకు అండగా నిలిచిన ప్రతాపరెడ్డి గారికి ఇంతకన్నా తగిన గౌరవం ఏముంటుంది? స్వేచ్ఛా లైసెన్సు ఉండటం వల్ల తరువాత ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. ఇంగ్లీషు అక్షరాలను ఇతర స్వేచ్ఛా ఫాంట్ల నుంచి తెచ్చి జతచేశారు.

ఈ ఇద్దరి పనిని నేను చాలా గొప్పగా చూస్తాను. వాళ్లు తెలుగు అక్షరానికి స్వభావాలు ఇచ్చారు. సినిమా పేరుకు పనికొచ్చే బరువైన అక్షరం, పిల్లల పుస్తకానికి తగిన గుండ్రటి అక్షరం, కుంచెతో రాసినట్టుండే అక్షరం. ఇవాళ పెగడపల్లి చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీల మీద, ఫోన్లలో తిరిగే శుభాకాంక్షల మీద వీటి జాడ స్పష్టంగా కనిపిస్తుంది. అయితే వీటిలో ఎక్కువ భాగం శీర్షికలకు తగినవి. మూడు వందల పేజీల నవలను చదువరి అలసిపోకుండా మోయగల అక్షరం అప్పటికి ఇంకా కావలసే ఉంది.

ఆ దిశగా వచ్చిన ఒక పని అనుకోని చోటు నుంచి వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ మూర్తి క్లాసికల్ లైబ్రరీ పేరుతో భారతీయ ప్రాచీన గ్రంథాలను మూలంతో, ఇంగ్లీషు అనువాదంతో ఎదురెదురు పేజీల్లో వేయాలనుకుంది. 2015లో మొదటి విడతలోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర వచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్ దాని అనువాదకులు. ఇంగ్లీషు పేజీకి దీటుగా తెలుగు పేజీ నిలబడాలి. అందుకోసం ప్రత్యేకంగా ఫాంటు చేయించారు. ఆ పని చేసినవాళ్లు కెనడాలోని టైరో టైప్‌వర్క్స్‌కు చెందిన జాన్ హడ్సన్, బ్రిటన్‌కు చెందిన ఫియోనా రాస్.

ఫియోనా రాస్ గురించి ఒక్క మాట ఎక్కువే చెప్పాలి. 1978లో లైనోటైప్ కంపెనీలో చేరి, ఆ సంస్థలో లాటినేతర లిపుల విభాగాన్ని ఏళ్లపాటు నడిపారు. టిమ్ హాలోవేతో కలిసి చేసిన లైనోటైప్ బెంగాలీని కలకత్తాలోని ఆనందబజార్ పత్రిక స్వీకరించాక, బెంగాలీ అచ్చు రూపమే మారిపోయింది. యంత్రం ఇరుకుకు సరిపెట్టడానికి కత్తిరించేసిన సంయుక్తాక్షరాలను ఆమె మళ్లీ వాటి సహజ రూపానికి తెచ్చారు. లిపిని యంత్రానికి లొంగదీయవద్దు, యంత్రమే లిపికి లొంగాలి అన్నది ఆమె పని మొత్తంలో కనిపించే పట్టుదల. 2014లో సోటా పురస్కారం, 2018లో న్యూయార్క్ టైప్ డైరెక్టర్స్ క్లబ్ పతకం ఆమెకు దక్కాయి. మూర్తి గ్రంథమాల కోసం చేసిన పని తరువాత టైరో తెలుగు పేరుతో అందరికీ ఉచితంగా వచ్చింది. వంపు తిరిగే చోట గీత సన్నబడి మళ్లీ నిండుతుంది, ఒత్తులు కిందికి జారిపోకుండా అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పద్యం పేజీ మీద కుదురుగా కూర్చుంటుంది.

పెద్దన పేరు పెట్టుకున్న ఫాంటు ఒకటి మన శిల్పి గీశాడు, పెద్దన కావ్యం అచ్చువేయడానికి ఇంకో ఫాంటు పరదేశీయులు గీశారు. రెండింటి మధ్యా మూడేళ్లో నాలుగేళ్లో తేడా. రెండోదాన్ని చూసి మనవాళ్లు చేయలేదేమని కొందరు చిన్నబుచ్చుకున్నారు. నాకు ఆ బాధ లేదు. ఒక గ్రంథమాలకు ఒక అక్షరం కావాలి, దానికి సమయమూ డబ్బూ ఇవ్వాలి అని ఒక ప్రచురణ సంస్థ అనుకోవడమే అక్కడి విశేషం. గత వందేళ్లలో తెలుగు ప్రచురణకర్తల్లో వావిళ్ల వారికి అచ్చు అందం మీద అలాంటి పట్టింపు ఉండేది. ఆ తరువాత అది తగ్గింది. పురుషోత్ కుమార్‌కో అప్పాజీ అంబరీశకో ఒక పత్రికా యాజమాన్యమో, ఒక విశ్వవిద్యాలయమో నాలుగేళ్లు సమయమిచ్చి 'నవలకు తగిన అక్షరం చేసిపెట్టు' అని అడిగి ఉంటే కథ ఇంకో రకంగా ఉండేదని నా నమ్మకం.

డీటీపీ సెంటర్లు మాత్రం అంత తొందరగా మారలేదు. ఇప్పటికీ మా వైపు చాలా ప్రెస్సుల్లో ఫోనులో యూనికోడ్‌లో వచ్చిన మాటర్‌ను కన్వర్టరులో వేసి అనులోకి మార్చుకుని, ఒత్తులు తప్పిపోయిన చోట చేత్తో దిద్దుకుని పేజీ కడతారు. ఆపరేటరు చేతిలో రెండు కాలాలూ ఒకేసారి నడుస్తున్నాయి. అతనికి కొత్త ఫాంట్లు తెలియక కాదు. పాతికేళ్ల పాత ఫైళ్లు, కస్టమర్లు మళ్లీ మళ్లీ అడిగే పాత అక్షరం, నిమిషానికి ఇన్ని మాటలని లెక్కకట్టే వేళ్లు అతన్ని అక్కడే కట్టి ఉంచాయి.

ఇక తెలుగు అక్షరం అరచేతిలోని తెర మీదికి దిగుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లు ప్రపంచవ్యాప్తంగా స్తంభించిపోయాయి, యాపిల్ హడావిడిగా కొత్త వెర్షన్ విడుదల చేయాల్సివచ్చింది. ఒక జంటాక్షరం ఫోన్లను ఎందుకు కూలదోసిందో పదో భాగంలో విడమరిచి చెప్పుకుందాం. గూగుల్ నోటో పథకం, అహ్మదాబాదులోని ఇండియన్ టైప్ ఫౌండ్రీ చేసిన హింద్ గుంటూరు, ముంబైలోని ఏక్ టైప్ బృందం చేసిన బాలూ తమ్ముడు కూడా ఆ భాగంలోనే వస్తాయి. ఇక ఒట్టి పాళీతో తెలుగు అక్షరాన్ని తన సొంతం చేసుకుని, చివరికి తన చేతిరాతే ఫాంటుగా మారడం చూసిన చిత్రకారుడు బాపు కథ పదకొండో భాగానికి ఉంచాను.